తొంభై శాతం పలచబడ్డ భీమలింగం గారు

ప్రాంతీయ తూకాల తనిఖీ కార్యాలయంలో ముప్పై నాలుగేళ్లుగా పనిచేస్తున్న సీనియర్ అసిస్టెంట్ భీమలింగం గారు జులై నెల మొదటి సోమవారం ఉదయం పదిన్నరకి నలభై శాతం పలచబడ్డారు. ఆ సంగతి ఆయనకి పదకొండు గంటలకి, టీ వచ్చినప్పుడు తెలిసింది.

టీ రంగు చూసి ఆయన తలెత్తి అటెండరు లాజరు వంక చూశారు. లాజరు నేలచూపులు చూస్తూ, "కొత్త సర్క్యులర్ అండి. ఇవాళ్టి నుంచి మీరు అరవై పాళ్లేనంటండి. టీ పొడి కూడా ఆ లెక్కనే వెయ్యమన్నారండి సూపరింటెండెంటు గారు," అన్నాడు. అని, సాసరు అంచున రెండు బిస్కెట్లు పెట్టాడు. బిస్కెట్ల గురించి సర్క్యులర్‌లో ఏమీ లేదు.

భీమలింగం గారు ఆ టీ తాగారు. కడుపులో మంటకి చిక్కటి టీ మానమని డాక్టరు రెండేళ్లుగా చెబుతున్నాడు, ఆయన మానలేకపోతున్నారు. చివరికి ప్రభుత్వమే పూనుకుని మాన్పించింది కదా అనుకున్నారు.

ఇదంతా ప్రాంతీయ అధికారి చింతామణిరావు గారు రాజధానిలో మూడు రోజుల శిక్షణకి వెళ్లిరావడంతో మొదలైంది. స్లైడ్లు తయారుచేయడం మీద శిక్షణ అది. మొదటి రెండు రోజులూ ఆయనకి నిద్ర పట్టింది. మూడో రోజు భోజనానికి పావుగంట ముందు మెలకువ వచ్చేసరికి, తెర మీద ఒక నీలం బాక్సు నెమ్మదిగా పలచబడుతోంది. శిక్షకుడు పక్కనున్న మీటని కుడివైపుకి జరుపుతున్నకొద్దీ బాక్సు రంగు కరిగి, దాని వెనకాల ఉన్న బొమ్మ పైకి తేలుతోంది. ట్రాన్స్‌పరెన్సీ అంటారట దాన్ని. సున్నా దగ్గర బాక్సు గోడలా ఉంటుంది. నూరు దగ్గర అసలు ఉండదు. మధ్యలో ఎంత కావాలంటే అంత ఉంటుంది.

చింతామణిరావు గారు జీవితమంతా తూకాల మధ్య గడిపిన మనిషి. సున్నాకీ నూరుకీ మధ్య ఏదైనా కదులుతూ కనిపిస్తే, దానితో ఏదో ఒకటి తూచకుండా ఆయన ఉండలేరు.

ఆఫీసులో ఒక స్లైడు ఎప్పటినుంచో ఉంది. తెల్లటి నేపథ్యం మీద మధ్యలో నల్లటి త్రాసు బొమ్మ, అది శాఖ చిహ్నం. దాని చుట్టూ, కొంత దాని మీదా, ఒక్కో ఉద్యోగికి ఒక్కో ముదురు నీలం బాక్సు. బాక్సులో తెల్లటి అక్షరాలతో పేరు, హోదా. చింతామణిరావు గారు కంప్యూటర్ ఆపరేటర్ హైమ పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుని, సాయంత్రం దాకా ఆ అమ్మాయి చేత మీటని అటూ ఇటూ జరిపించారు. మర్నాడు సర్క్యులర్ వెలువడింది.

"ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, కార్యాలయ స్లైడునందు ప్రతి ఉద్యోగి యొక్క బాక్సు, సదరు ఉద్యోగి కార్యాలయమునందు ఏ మేరకు ఉన్నాడో ఆ మేరకు మాత్రమే చిక్కగా ఉండవలెను."

దాని కింద నియమాలు. టూరు మీద వెళ్లినవారు నలభై శాతం పలచన. క్యాజువల్ లీవు యాభై. మెడికల్ లీవు అరవై, ఆపైన. ఖాళీగా ఉన్న పోస్టులకి మొదట నూరు పెట్టారు. అయితే ఆ స్లైడు హెడ్డాఫీసుకి వెళ్లగానే, మీరు ఖాళీ అని చెబుతున్న పోస్టులు స్లైడులో కనిపించడం లేదు గనుక అవి రద్దయినట్లు భావించవచ్చునా అని జవాబు వచ్చింది. పోయిన పోస్టుల్ని వెనక్కి తెచ్చుకోవడానికి పదిహేను రోజులు పట్టింది. అప్పటినుంచి ఖాళీ పోస్టులు ఎనభై దగ్గర ఆగాయి.

రిటైరయ్యేవారి సంగతి ఆరో నియమంలో ఉంది. ముప్పై నాలుగేళ్లు కనిపించిన మనిషి ఒకనాటి సాయంత్రం హఠాత్తుగా మాయమైతే కార్యాలయం తట్టుకోలేదని చింతామణిరావు గారి ఉద్దేశం. అందుకని రిటైర్మెంటుకి రెండు నెలల ముందు నలభైతో మొదలుపెట్టి, వారానికి ఏడు శాతం చొప్పున మెల్లగా పలచబరచాలి. ఆగస్టు ముప్పై ఒకటిన రిటైరయ్యేది ఆఫీసు మొత్తానికి భీమలింగం గారు ఒక్కరే.

ఏడో నియమం ప్రకారం, యాభై శాతం దాటి పలచబడిన ఉద్యోగి సంతకం పూర్తి సంతకం కాదు. తొమ్మిదో నియమాన్ని చింతామణిరావు గారు ఇష్టపడి రాసుకున్నారు. ప్రాంతీయ అధికారి సెలవులో ఉన్న యెడల, స్లైడునందు అందరికంటే చిక్కని బాక్సు గల ఉద్యోగి ఆ పూటకు ఇన్‌ఛార్జిగా వ్యవహరించవలెను.

పలచబడటం భీమలింగం గారికి మొదట్లో అంత కష్టంగా అనిపించలేదు. మీటింగులకి పిలవడం మానేశారు. నడవాలో ఎదురైతే పక్కకి తప్పుకునే సూపరింటెండెంటు ఇప్పుడు నేరుగా వచ్చి తగిలి, "అరెరె, మీరున్నారా," అంటున్నాడు. ఆయన సీటు పైనున్న ఫ్యాను మాత్రం ఇంకా పూర్తిగానే తిరుగుతోంది. భార్య పోయిన అయిదేళ్లలో ఆయనకి ఇలాంటివి లెక్కపెట్టుకునే అలవాటు అయింది. ఫ్యాను తిరిగింది, బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది, అన్నం మాడలేదు. రోజుకి మూడు ఉంటే ఆ రోజు గడిచినట్టే.

మూడో వారంలో ఆయన యాభై నాలుగుకి చేరారు. ఆ బుధవారం నూకరత్నం వచ్చింది.

చేపల మార్కెట్‌లో గుమ్మం పక్క బల్ల నూకరత్నానిది. ఆ బల్ల దగ్గర ముందు వాళ్ల అమ్మా, ఇప్పుడు తనూ, ఒకే త్రాసుతో చేపలు తూస్తున్నారు. కర్రకి ఇత్తడి తొడుగు, రెండు ఇత్తడి పళ్లేలు. ఆ త్రాసులో తూగినది ఇంటికెళ్లి మళ్లీ తూచుకున్నా అంతే ఉంటుందని ఊరందరికీ నమ్మకం. ఏడాదికోసారి దాన్ని ఆఫీసుకి తెచ్చి సరిచూపించుకుని, ముద్ర వేయించుకుని పట్టుకెళుతుంది. ఈసారి జూన్‌లో ఇచ్చింది. ముద్ర పడింది. త్రాసు స్టోరు గదిలో చీటీ కట్టుకుని సిద్ధంగా ఉంది. విడుదల కాగితం మీద భీమలింగం గారు సంతకం పెట్టడమే తరువాయి. ఆయన పెట్టారు కూడా. కాగితం సూపరింటెండెంటు దగ్గరికి వెళ్లి, "సంతకము నలభై ఆరు పాళ్లు మాత్రమే ఉన్నది, మిగతా యాభై నాలుగు పాళ్లు జతపరచవలెను" అన్న రాతతో తిరిగొచ్చింది.

"గోదాట్లో ఎర్రనీరు వచ్చేసిందండి బాబుగారూ," అంది నూకరత్నం, ఆయన బల్ల ముందు నిలబడి. "పులస దిగుతోంది. ఉండేది నెలో నెలన్నరో. ఏడాదంతా ఒకెత్తండి, ఈ నెల ఒకెత్తు. పక్క బల్ల గంగాభవాని త్రాసు అడిగి తెచ్చుకుంటన్నానండి. అది ఎటు మొగ్గుద్దో దానికే తెలీదు. నా బేరాలన్నీ ఎదర బల్లకి పోతన్నాయి."

అంతటితో అయిపోలేదు. మొన్న ఇదే ఆఫీసు ఇన్‌స్పెక్టర్ వరహాలరాజు మార్కెట్‌కి తనిఖీకి వచ్చి, ముద్ర వేసిన త్రాసు దగ్గర లేకుండా అమ్మకం చేస్తున్నందుకు ఆమెకి హెచ్చరిక రాసిచ్చాడు. ముద్ర వేసిన త్రాసు మీ స్టోరు గదిలోనే ఉందయ్యా అని ఆమె చెబితే, అది వేరే సెక్షన్ అన్నాడట. మూడు హెచ్చరికలైతే మార్కెట్‌లో బల్ల పోతుంది. ఒకటి అయింది.

భీమలింగం గారు ఆమెని కూర్చోమని, కాగితం పట్టుకుని చింతామణిరావు గారి గదికి వెళ్లారు. ఆ సంతకం తన బదులు వేరే సెక్షన్ వాళ్ల చేత పెట్టించమని అడిగారు.

చింతామణిరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "భీమలింగం గారూ, మీ సీటు ఖాళీ అయిందా?"

"లేదండి."

"మీరున్న సీటులో ఇంకొకరు సంతకం పెడితే ఏమవుతుంది? మీ నలభై ఆరూ, వారి నూరూ కలిసి నూట నలభై ఆరు. ఒక్క సీటులో నూట నలభై ఆరు. తూకాల శాఖలోనే అధిక తూకం ఉంటే రేపు మనం బజారుకి ఏ ముఖంతో వెళతాం?"

పోనీ తమరే నేరుగా సంతకం చేయండి అన్నారు భీమలింగం గారు. సెక్షన్ నుంచి పూర్తి సంతకంతో పైకి రాని కాగితాన్ని తాను ముట్టుకుంటే అది ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు అవుతుందనీ, శాఖాపరమైన క్రమశిక్షణకి అది గొడ్డలిపెట్టనీ ఆయన వివరించారు. కానీ ఆయన దయలేని మనిషి కాదు. కాసేపు ఆలోచించి ఒక వెసులుబాటు ఇచ్చారు. పలచబడ్డ ఉద్యోగులు ఎంతమందైనా ఒకే కాగితం మీద సంతకాలు పెట్టవచ్చు. వారి చిక్కదనం మొత్తం నూటికి నూరు అయితే, దాన్ని ఒక సంతకంగా పరిగణిస్తారు.

ఆ మూడు రోజులూ భీమలింగం గారు చిక్కదనం పోగుచేశారు. ఆయన దగ్గర నలభై ఆరు ఉంది. క్యాజువల్ లీవులో ఉన్న టైపిస్టు ఇంటికి వెళ్లి, వాళ్ల పాప అన్నప్రాసన విందు తిని, ఆవిడ చేత యాభై పెట్టించుకున్నారు. ఇంకా నాలుగు కావాలి. నాలుగు పాళ్లే ఉన్న మనిషి ఆఫీసులో ఎవరూ లేరు. టూరులో ఉన్న ఉద్యోగిని కలుపుకుంటే మొత్తం నూట యాభై ఆరు అవుతోంది, అది మళ్లీ అధిక తూకం. శుక్రవారం సాయంత్రం ఆయన ఖాళీ పోస్టు బాక్సు వంక ఆశగా చూశారు. దానికి ఇరవై పాళ్లు ఉంది. కాని అది సంతకం పెట్టదు. సోమవారం వచ్చింది, ఆయన మరో ఏడు తరిగారు, టైపిస్టు సెలవు ముగించుకుని నూరుకి నూరై డ్యూటీలో చేరింది. లెక్క మొదటికొచ్చింది.

ఆ సరికి ఆఫీసులో అందరికీ శాతాల మీద శ్రద్ధ పెరిగింది. సూపరింటెండెంటు ఒకరోజు హైమ దగ్గరికి వెళ్లి, తన ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసుని దృష్టిలో పెట్టుకుని తన బాక్సుని సున్నా కంటే ఇంకొంచెం చిక్కగా చేయమన్నాడు. మీట సున్నా దగ్గరే ఆగిపోతుందని హైమ చూపించింది. సున్నా కంటే దిగువకు వెళ్లుటకు అనుమతి కోరుతూ ఆయన హెడ్డాఫీసుకి రాశాడు. అనుమతి పరిశీలనలో ఉంది.

ఇన్‌స్పెక్టర్ వరహాలరాజుకి మాత్రం వేరే బాధ పట్టుకుంది. ఆయన ఇరవై ఏళ్లుగా ఏ వస్తువు మీద ఏ అంకె రాసి ఉన్నా నమ్మకుండా బతికినవాడు. ఇంట్లో పాల ప్యాకెట్‌ని కూడా తూచి గాని లోపలికి రానివ్వడని చెప్పుకుంటారు. అలాంటి మనిషి, కంప్యూటర్ అరవై ఒకటి అంటే అరవై ఒకటేనని ఎలా నమ్ముతాడు? ఫొటో స్టూడియో నుంచి వెలుతురు కొలిచే మీటరు ఒకటి తెచ్చి, స్లైడుని గోడ మీద వేయించి, ఒక్కో బాక్సు దగ్గరా పెట్టి చూశాడు. తెల్లగోడని నూరనీ, దీపం ఆర్పిన చీకటిని సున్నా అనీ లెక్క కట్టుకున్నాడు. కంప్యూటర్‌లో అరవై ఒకటి ఉన్న బాక్సు గోడ మీద అరవై నాలుగు వచ్చింది.

"ప్యాకెట్ మీద కిలో అని రాసుంటే మనకెందుకండి," అన్నాడు స్టాఫ్ మీటింగులో లేచి. "కొన్నవాడి సంచిలో ఎంత పడిందో అదీ తూకం. కంప్యూటర్‌లో అంకె ప్యాకెట్ మీద రాతండి. గోడ మీద పడేదే సంచిలోది."

చింతామణిరావు గారికి కళ్లు చెమర్చాయి. శాఖ సిద్ధాంతాన్ని ఇంత క్లుప్తంగా చెప్పినవారు ఇంతవరకు లేరన్నారు. పదకొండో నియమం చేరింది. "స్లైడు యొక్క పలచదనము విషయమై వివాదము తలెత్తిన యెడల, గోడమీద మీటరు ద్వారా తీసిన కొలతయే అంతిమము. సదరు కొలతను ప్రశ్నించు అధికారము ఎవరికిని, ప్రాంతీయ అధికారికి సైతము, లేదు."

ఆగస్టు వచ్చింది. నూకరత్నానికి రెండో హెచ్చరిక వచ్చింది. భీమలింగం గారు నీళ్లలాంటి టీ తాగుతూ, ఇంటికి వెళ్లేటప్పుడు రోజూ మార్కెట్ మీదుగా వెళ్లడం మొదలుపెట్టారు. నూకరత్నం బల్ల మీద పులసలు మెరుస్తూ ఉండేవి. జనం చూసి, త్రాసు వంక చూసి, ఎదర బల్లకి వెళ్లిపోయేవారు. ఆమె ఆయన్ని ఏమీ అడిగేది కాదు. స్టోరు గదిలో ఆమెదే కాదు, ఇంకా పదిహేడు త్రాసులు ఆయన సంతకం కోసం కూర్చున్నాయి. ఆ త్రాసులవాళ్లు వచ్చి అరిచేవారు. ఈమె అరవకపోవడమే ఆయనకి ఎక్కువ కష్టంగా ఉండేది.

ఆఖరి వారం మొదటి రోజున లెక్క ప్రకారం ఆయన ఎనభై తొమ్మిది కావాలి. అనుమతించదగిన తేడా ఒక శాతం ఉంది గనుక తొంభై చేశారు. ఆ ఉదయం హైమ ఆయన్ని పిలిచింది.

"బాబాయి గారూ, మీ పేరు కనపడట్లేదండి."

ఆయన వంగి చూశారు. బాక్సు రంగు దాదాపు పూర్తిగా పోయింది. తెల్లటి నేపథ్యం మీద తెల్లటి అక్షరాలు మిగిలాయి. ఉన్నాయంటే ఉన్నాయి, లేవంటే లేవు.

"మీట జరిపితే బాక్సు రంగే పోద్దండి. అక్షరాలు పోవు," అంది హైమ. "కాని తెలుపు మీద తెలుపు ఏం కనిపిస్తుంది? రేపు డైరెక్టర్ మేడమ్ వస్తున్నారు. ముప్పై నాలుగేళ్లు చేసి, ఆవిడ ముందు పేరైనా కనపడకపోతే ఏం బావుంటుంది. ఎక్కడికి జరపమంటారు?"

"ఎక్కడో ఒకచోట, కాస్త నీడపట్టున పెట్టమ్మా," అన్నారాయన, నవ్వి.

హైమ ఆ బాక్సుని లాక్కెళ్లి, త్రాసు బొమ్మ అడుగున ఉన్న నల్లటి దిమ్మ మీద పెట్టింది. నలుపు మీద భీమలింగం అన్న తెల్లటి అక్షరాలు చక్కగా తేలాయి. చింతామణిరావు గారు చూసి, పలచబడ్డవారు శాఖ చిహ్నంలో లీనమవుతున్నట్టుగా ఉందని మెచ్చుకున్నారు.

డైరెక్టర్ గారి రాక కోసం ఆఫీసంతా కడిగారు. మీటింగు హాలు కిటికీలకి ఎనిమిదేళ్లుగా వేలాడుతున్న మందపాటి పరదాలని కూడా తీసి ఉతకడానికి ఇచ్చారు. చాకలి సత్యం ఉదయం తొమ్మిదింటికల్లా ఇస్తానన్నాడు. వారం రోజులుగా ముసురు పట్టి ఉంది, పరదాలు ఆరలేదు. ఆరలేదు గనుక రాలేదు. ముసురే కదా, చీకటిగానే ఉంటుందిలే అనుకున్నారు. సరిగ్గా మధ్యాహ్నం రెండుంబావుకి, డైరెక్టర్ గారు కుర్చీలో కూర్చోగానే, మబ్బు విడిపోయి ఎండ కాసింది. పడమటి కిటికీల్లోంచి సరాసరి గోడ మీద పడింది.

నూకరత్నం పొద్దుటినుంచీ వరండాలో కూర్చుని ఉంది. నిన్న సాయంత్రం మూడో హెచ్చరిక రాశారు. రేపటి నుంచి బల్ల వేరేవాళ్లకి. లాజరు ఆమెకి టీ ఇచ్చాడు. బయటివాళ్ల శాతం గురించి నియమం లేదు గనుక చిక్కటిదే ఇచ్చాడు. పలచబడ్డవారికి హాల్లో కుర్చీ లేదు. భీమలింగం గారు తలుపు దగ్గర నిలబడ్డారు. అక్కణ్నుంచి ఆయనకి ఇటు చూస్తే స్లైడు కనిపిస్తోంది, అటు చూస్తే నూకరత్నం.

చింతామణిరావు గారు గంటసేపు మాట్లాడదలచుకుని మొదలుపెట్టారు. పావుగంట కాగానే డైరెక్టర్ గారు చెయ్యెత్తారు. ఆవిడ మాట తక్కువ మనిషి. అయిదింటి రైలుకి వెళ్లాలి.

"ఈ శాతాలు సరైనవని ఏమిటి హామీ?"

ఆ ప్రశ్న కోసమే చింతామణిరావు గారు రెండు నెలలుగా ఎదురుచూస్తున్నారు. చిరునవ్వుతో వరహాలరాజుకి సైగ చేశారు. వరహాలరాజు మీటరు పట్టుకుని గోడ దగ్గరికి వెళ్లాడు. సంప్రదాయం ప్రకారం పైనుంచి మొదలుపెట్టాడు. ప్రాంతీయ అధికారి బాక్సు. మీటరు చూశాడు. మళ్లీ చూశాడు. మీటరుని ఒకసారి తొడ మీద తట్టి మళ్లీ చూశాడు.

"అరవై ఆరండి," అన్నాడు.

"ఏమిటి అరవై ఆరు?"

"తమరి పలచదనమండి. గోడ మీద."

ఎండ పడి ముదురు నీలమంతా ఉతికిన లుంగీ రంగులోకి దిగిపోయిందని హాల్లో అందరికీ కనిపిస్తూనే ఉంది. వరహాలరాజుకి అది సంబంధం లేని విషయం. సంచిలో ఎంత పడిందో అంత. అతను వరసగా కొలుచుకుంటూ, చదువుకుంటూ వెళ్లాడు. సూపరింటెండెంటు డెబ్బై. టైపిస్టు అరవై ఎనిమిది. తన బాక్సు దగ్గర ఒక్క క్షణం ఆగి, తడబడకుండా అరవై తొమ్మిది అని చదివాడు. డెబ్బై వచ్చిన సూపరింటెండెంటు, ఖాళీ పోస్టు ఎనభై ఎనిమిది అని విన్నాక కొంచెం ఊపిరి పీల్చుకున్నాడు.

త్రాసు దిమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆ మూల కిటికీల మధ్య స్తంభం నీడ పడి ఉంది. తొంభై శాతం పలచబడ్డ బాక్సులోంచి వెనకాల దిమ్మ నలుపు నిక్షేపంగా కనిపిస్తోంది. ఆ నలుపు మీద స్తంభం నీడ.

"భీమలింగం గారు," అని చదివాడు వరహాలరాజు. "ముప్పై ఒకటి."

డైరెక్టర్ గారు తన ముందున్న సర్క్యులర్ పేజీలు తిప్పారు.

"అరవై దాటితే మెడికల్ లీవు అని రాశారు."

"అది కంప్యూటర్ అంకెకి సంబంధించి, మేడమ్," అన్నారు చింతామణిరావు గారు. "నేను ఇక్కడే, తమరి ఎదుటే ఉన్నాను."

"పదకొండో నియమంలో గోడ కొలతే అంతిమం అని ఉంది. ప్రాంతీయ అధికారికి సైతము అని కూడా ఉంది. ఇది ఎవరు రాశారు?"

చింతామణిరావు గారు గోడ వంక చూశారు. కిటికీల వంక చూశారు. ఆయనలో కనీసం అయిదు రకాల ఆలోచనలు ఒకదాన్నొకటి తూచుకున్నట్టు ముఖంలో తెలిసింది. చివరికి ఆయనలోని తూకాల మనిషే నెగ్గాడు. తన కోసం తన నియమాన్ని వంచితే ఇక త్రాసుకీ కాటికీ తేడా ఏముందని అన్నారు. ఆ మాట అర్థం ఎవరికీ తెలియలేదు గాని అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన అక్కడే కూర్చుని, తనకి ఏ జబ్బు చేసిందో రాయాల్సిన చోట "స్వల్ప పలచదనము" అని రాసి, సెలవు చీటీ ఇచ్చి, గొడుగు తీసుకుని ఇంటికి వెళ్లిపోయారు. అరవై దాటిన మిగతా పధ్నాలుగు మందీ చీటీలు రాశారు.

"ఇన్‌ఛార్జి ఎవరు?" అన్నారు డైరెక్టర్ గారు.

లాజరు తలుపు దగ్గర నిలబడ్డ భీమలింగం గారి భుజం మీద, చాలా గౌరవంగా, వేలితో తట్టాడు.

ఆయన వెళ్లి బల్ల ముందు కూర్చున్నారు. ముప్పై నాలుగేళ్లలో ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. బాగా లోతుగా ఉంది, లేవడం కష్టమే అనుకున్నారు. సంతకాల పుస్తకం తెప్పించలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. స్టోరు గది తాళం తెమ్మని లాజరుని పంపి, జేబులోంచి మడతలు పడ్డ ఒక కాగితం తీశారు. సెక్షన్ తరఫున సంతకం చేశారు. తొంభై కాదు, ముప్పై ఒకటే కదా, యాభై దాటలేదు. తర్వాత అదే కాగితం అడుగున ఇన్‌ఛార్జి హోదాలో ఇంకోటి చేశారు. ఆ ఇన్‌ఛార్జి హోదాలోనే నూకరత్నం హెచ్చరికల మీద, "త్రాసు మన స్టోరు గదిలో ఉండుటచేత రద్దు చేయడమైనది" అని రాశారు. తర్వాత పదిహేడు కాగితాలు.

డైరెక్టర్ గారు ఆ కాగితాల వంక ఒకసారి చూశారు. వాచీ చూసుకుని, "కిటికీల దగ్గర ఎవరూ అడ్డం నిలబడకండి," అని మాత్రం అన్నారు.

పదిహేడో కాగితం మీద సిరా ఆరుతుండగా చాకలి సత్యం పరదాల మూట భుజాన వేసుకుని వచ్చాడు. ఆలస్యమైందని క్షమాపణ చెప్పబోతే, భీమలింగం గారు ఫరవాలేదు, మూట దించి కాసేపు ఫ్యాను కింద కూర్చోమన్నారు. లాజరు టీ తెచ్చాడు. నల్లగా, చిక్కగా ఉంది. ఒక గుక్క తాగి ఆయన మొహం చిట్లించారు.

"ఇది మంట పుడుతోంది లాజరూ. నాకు అలవాటైన టీయే ఇవ్వు."

వరండాలో నూకరత్నం త్రాసుని చీటీ తీసి, కొంగుతో పళ్లేలు తుడిచి, చెయ్యెత్తి పట్టుకుని చూసుకుంది. ముల్లు కాసేపు ఊగి మధ్యలో నిలబడింది. ఆమె మార్కెట్ వైపు పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది. సాయంత్రం పడవలు వచ్చే వేళయింది.

ముప్పై ఒకటో తారీఖు సాయంత్రం హైమ మీటని నూరుకి జరిపింది. బాక్సు పూర్తిగా పోయింది. త్రాసు దిమ్మ మీద తెల్లటి అక్షరాలు మాత్రం అలాగే ఉన్నాయి. బాక్సు తీయమని సర్క్యులర్‌లో ఉంది గాని, పేరు తీయమని లేదట. ఆ స్లైడు ఇప్పుడు అన్ని జిల్లాలకీ నమూనాగా వెళ్లిందని, ఆ పేరు చిహ్నంలో భాగమనుకుని మిగతా ఆఫీసులవాళ్లు కూడా అలాగే దించుకుంటున్నారని తర్వాత తెలిసింది.

మర్నాడు ఉదయం భీమలింగం గారు సంచి పట్టుకుని చేపల మార్కెట్‌కి వెళ్లారు. పులస అయిపోవచ్చింది. నూకరత్నం బల్ల ముందు నలుగురు వరసలో ఉన్నారు. ఆయన వంతు వచ్చాక, పులస కాదు, ఒక చిన్న కొరమీను చాలన్నారు.

"మీరు ఒక్కరేగా మరి," అంటూ ఆమె చేప ఎంచి, తూకం వేసింది. ముల్లు నిటారుగా నిలబడింది. అటూ ఇటూ వెంట్రుకవాసి లేదు. "ఓ ముక్క ఎక్కువ వేద్దునండి. మీ ఆఫీసు ముద్ర కదా, ఎక్కువ తూగిందంటే మళ్లీ మీకే చెడ్డపేరు."

"వద్దు వద్దు. సరిగ్గా ఉండటమే బావుంది."

"అయితే బాబుగారూ, ఇప్పుడు మీరు ఎంత శాతమండి?"

"నూటికి నూరు పోయాను నూకరత్నం. ఇంక పలచబడేందుకు ఏమీ లేదు."

ఆమె చేపని ఆకులో చుట్టి సంచిలో వేస్తూ, ఆయన్ని ఒకసారి ఎగాదిగా చూసింది.

"పోతే పోయారు గాని," అంది. "పులుసు మాత్రం పలచగా పెట్టుకోకండేం."